ఉప్పుపిండి చిలక

పుంగనూరు బజారువీధిలో సుభద్రమ్మ అంగడి తెలియని వాళ్ళుండరు. ఉప్పు నుంచి కర్పూరం దాకా దొరకనిది ఉండదు. ఆ అంగడి మీద, మిద్దె పైన ఒక గది ఉంది. తూర్పువైపు కిటికీ, గోడకు పాత క్యాలెండర్ల మేకులు, నేలమీద నాపరాళ్ళు, అంతకుమించి అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆ ఏమీ లేని గది కోసం కోడలు స్వర్ణ మూడేళ్ళుగా అడగాలనుకుంటూ, అడగబోయి మాట మింగుతూ, చివరికి ఈ దసరా సెలవులకు ముందు ఎలాగో నోరు తెరిచి అడిగేసింది.

స్వర్ణది మదనపల్లె. పెళ్ళికి ముందు అక్కడ ఒక చిన్న బడిలో నాలుగేళ్ళు పిల్లలకు బొమ్మలు వేయడం, మట్టితో, కాగితంతో వస్తువులు చేయడం నేర్పింది. పెళ్ళయి పుంగనూరు వచ్చాక ఆ చేతులు ఉద్దిపప్పు తూకాలకు, చింతపండు పొట్లాలకు అలవాటు పడిపోయాయి. అలవాటు పడ్డాయే గానీ ఊరుకోలేదు. అంగడికి వచ్చిన పిల్లలకు పొట్లం కాగితంతోనే పడవ చేసి ఇస్తుండేది. భర్త అరుణ్ కుమార్ మంచివాడు. తల్లి మాటకీ, భార్య మాటకీ సమానంగా తలాడిస్తాడు. జరిగేది మాత్రం తల్లి మాటే.

అత్త సుభద్రమ్మను గయ్యాళి అంటే కళ్ళు పోతాయి. భర్త పోయాక ఒంటిచేత్తో అంగడి నిలబెట్టిన మనిషి. దేనికైనా ఒక ఉపయోగం కనబడాలి, అంతే. మిద్దె మీద పిల్లలకు బొమ్మల క్లాసు పెట్టుకుంటానని కోడలు అడిగితే, ఒక మాట చెప్పింది.

"దసరా సెలవులు ఇచ్చినాంక ఆయుధ పూజకు పది దినాలుండాయి గదా. ఆ పది దినాలు గది వాడుకో. ఆయుధ పూజ పొద్దు ఊర్లో నలుగురూ బాగుండాదనే వస్తువు ఒకటి సూపించు, గది నీది. లేదంటే బొరుగుల మూటలు ఎక్కిస్తా. కింద చెమ్మకు మెత్తబడిపోతాండాయి."

అలా ఆ గది కోసం స్వర్ణ బొరుగుల మూటలతో, అంటే ఉత్త మరమరాలతో, పోటీకి దిగింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నిజం అదే.

ఏం చేయించాలా అని రెండు రోజులు ఫోను తిరగేసింది. మైదాపిండి రెండు పాళ్ళు, ఉప్పు ఒక పాలు, నీళ్ళు పోసి చపాతీ పిండి కంటే గట్టిగా కలిపి, బొమ్మలు చేసి ఎండబెడితే చెక్కలా గట్టిపడతాయట. రంగులు వేసి, దారం కట్టి పండగలకు చెట్లకు వేలాడదీస్తారట. స్వర్ణకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆయుధ పూజ రోజు పుంగనూరులో అలంకరణ లేని బండి ఉంటుందా? ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు తమ ఇంటి బండికి తమ చేతులతో ఒక వేలాడే బొమ్మ చేస్తే? ఏడాదంతా అది ఆ బండిలో ఊగుతూ ఉంటే? తలచుకుంటేనే కడుపు నిండింది.

ఆరుగురు పిల్లలు చేరారు. ఆటో నడిపే చంద్రశేఖర్ కూతురు రేఖ, పాల వ్యాను వాళ్ళ గౌతమ్, పెద్దపంజాణి దారిలో ట్రాక్టరున్న రైతు మనవడు హేమంత్, బట్టలు కుట్టే వసంతమ్మ కూతురు రేష్మ, ఇంకా మోటార్ సైకిల్ మెకానిక్ కొడుకులు ఇద్దరు. కుట్టుమిషను కూడా ఆయుధమే కాబట్టి రేష్మకు ఇబ్బంది లేదు.

మొదటి రోజే ఉప్పుతో తగాదా మొదలైంది. మెత్తటి ఉప్పు ప్యాకెట్లు అమ్మడానికి, కావాలంటే కల్లుప్పు తీసుకోమంది అత్త. కల్లుప్పు మిక్సీలో వేస్తే సగం నలిగింది, సగం నలగలేదు. ఆ పిండి పిసుకుతుంటే పిల్లల వేళ్ళు గీసుకుపోయి, గీసుకున్న చోట ఉప్పు తగిలి ఒకటే మంట. హేమంత్ అందరూ పిసికేలోపు తన ముద్దలో సగం తినేసి మూడు చెంబుల నీళ్ళు తాగాడు. సాయంత్రం వాళ్ళ అవ్వ ఈశ్వరమ్మ వచ్చి, బిడ్డకు బొమ్మలు నేర్పమంటే ఉప్పు తినిపిస్తారా అని వీధి మొదలు దాకా వినబడేలా అడిగింది. స్వర్ణ తినొద్దని నాలుగుసార్లు చెప్పానంది. ఐదోసారి ఎందుకు చెప్పలేదని ఈశ్వరమ్మ అడిగింది.

అది చాలదన్నట్టు అత్త గంటకోసారి మెట్లెక్కి వచ్చేది. ఉప్పు తొక్కకూడదు, తొక్కితే లక్ష్మి పోతుంది. పిల్లల కాళ్ళ మధ్య వంగి, వేలు తడి చేసుకుని, నేలమీద పడ్డ ఒక్కొక్క రవ్వనూ ఏరేది. ఆమె ఏరుతుంటే పిల్లలు పని ఆపేసి, మేమూ ఏరుతామంటూ నేలమీదకు దిగేవాళ్ళు. ఒక్కో రోజు గంటన్నర క్లాసులో అరగంట ఉప్పు ఏరడానికే పోయేది. స్వర్ణకు ఒళ్ళు మండిపోయేది. మండినా ఏమనగలదు? గది అత్తది.

మొదటి రోజు చేసినవి రెండోరోజుకు నెర్రెలిచ్చాయి. మూడోరోజు నుంచి వాన పట్టుకుంది. తూర్పున ఏదో వాయుగుండమట, ఐదు రోజులు సూర్యుడి ముఖం చూడనివ్వలేదు. వానాకాలంలో ఉప్పు ఎలా ఉంటుందో అంగడి కోడలికి తెలియక కాదు, కానీ పిండిలో కలిశాక కూడా ఇంత ఏడుస్తుందని అనుకోలేదు. బొమ్మలన్నీ చెమటలు కక్కాయి. గౌతమ్ చేసిన ఆవు కాళ్ళు మెత్తబడి పడుకుంది. రేష్మ చేసిన పువ్వు రేకులు కిందికి జారాయి. ఇదేంది మిస్, ఇది సచ్చిపోతాండాది అని మెకానిక్ చిన్నకొడుకు తన చేప పట్టుకుని అడిగాడు.

ఇలా కాదని స్వర్ణ కొత్తగా చేయించిన బొమ్మలన్నీ పళ్ళెంలో పెట్టుకుని, గొడుగు వేసుకుని బస్టాండు దగ్గరి బేకరీకి పోయింది. పొయ్యి చల్లారే ముందు కాసేపు పెట్టిస్తే చాలని బతిమాలింది. పెట్టారు పాపం, వాళ్ళ తప్పేం లేదు. ఎంత వేడి ఉండాలో స్వర్ణకే తెలియదు. పది నిమిషాలకు బయటికి తీస్తే ఆరూ పూరీల్లా పొంగి ఉన్నాయి. చేపకూ ఆవుకూ తేడా తెలియలేదు. బేకరీలో టీ తాగుతున్న ఒకాయన, ఇవి కొత్త రకమా, ఒకటి ఇవ్వమని కూడా అడిగాడు.

ఆ సాయంత్రం స్వర్ణ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అరుణ్ కుమార్ వచ్చి, పోనీలే, బొరుగులకైనా ఒక చోటు కావాలి కదా అన్నాడు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

ఇన్ని అగచాట్లలోనూ ఆమెను మళ్ళీ మెట్లెక్కించింది రేఖ. ఎనిమిదేళ్ళ పిల్ల. మాట తక్కువ. వాళ్ళ నాయన ఆటోకు చిలక చేస్తానంది మొదటి రోజే. మొదటి చిలక నెర్రెలిచ్చింది, రెండోది వానకు కరిగింది, మూడోది బేకరీలో పొంగింది. మిగతా పిల్లలు గోల చేశారు, రేష్మ వాళ్ళమ్మ వసంతమ్మ అయితే ఇంత రచ్చ ఎందుకు, మీరే చేసి ఇచ్చేయండి, మా పిల్ల పేరు రాసుకుంటాం అని సలహా కూడా ఇచ్చింది. రేఖ మాత్రం పొంగిన చిలకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంగోటి చేస్తా మిస్" అంది. అంతే. మళ్ళీ పిండి పట్టుకుంది.

నాలుగో చిలకకు రెండు రోజులు తీసుకుంది. విరిగిన దువ్వెన ముక్క ఒకటి ఇంటి నుంచి తెచ్చుకుని, దాని పళ్ళతో రెక్కల మీద ఈకలు ఒక్కొక్కటిగా అచ్చు వేసింది. ఒక వరుస వంకర పోతే వేలితో చదును చేసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ వేసేది. కంటికి ఒక ఆవగింజ పెట్టింది. అది గుండ్రంగా లేదని తీసి, అంగడి డబ్బాలో వెతికి ఇంకొకటి తెచ్చింది. ఆ పిల్ల వంగి పనిచేస్తుంటే చూస్తూ స్వర్ణ తన కోపాలన్నీ మరిచిపోయేది. ఈ గది ఎందుకు కావాలో ఆమె అత్తకు ఎన్నడూ సరిగ్గా చెప్పలేకపోయింది. అత్త ఆ సమయంలో పైకి వచ్చి ఈ పిల్ల చేతుల్ని చూసి ఉంటే చెప్పే అవసరం ఉండేది కాదేమో. అత్త వచ్చింది గానీ నేల మాత్రమే చూసింది.

ఎనిమిదో రోజు ఎండ కాసింది. రేకు మీద బొమ్మలు పరిచి స్వర్ణ మిద్దె మీదే కాపలా కూర్చుంది. తొమ్మిదో రోజుకు అవి గట్టిపడ్డాయి, గోటితో కొడితే టకటకమన్నాయి. రంగులు వేశారు, దారాలు కట్టారు. చిలకకు ఆకుపచ్చ, ముక్కుకు ఎరుపు. ఆరు బొమ్మలూ కిటికీకి వేలాడుతుంటే స్వర్ణకు నిజంగానే సంతోషం వేసింది. గెలిచాననుకుంది.

ఆయుధ పూజ ఉదయం బజారువీధి అంతా కడిగిన బండ్లే. అరటి పిలకలు, చామంతి దండలు, మామిడాకులు. ఇంట్లోంచి పండగనాడు ఏది బయటికి పోయినా సుభద్రమ్మ పసుపు కుంకుమ పెట్టకుండా పంపదు. పిల్లలు బొమ్మల కోసం రాగానే ఆరింటికీ తానే బొట్లు పెట్టి, ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. స్వర్ణ అప్పుడు పొయ్యి దగ్గర చక్కెర పొంగలి కలుపుతోంది, గరిటె వదిలే వీల్లేదు. మీ ఇంట్లో వాళ్ళకు ఇవ్వండి అని లోపలి నుంచే చెప్పింది. వేలాడదీయమని చెప్పాలని ఆమెకు తోచలేదు. దారం కట్టి ఉంది, వేలాడదీయక ఏం చేస్తారు?

ఆ ఏడాది వానలకు బూడిద గుమ్మడికాయలు సరిగా రాలేదు. వచ్చినవి పొద్దున్నే అయిపోయాయి. చంద్రశేఖర్ ఆటోను కడిగి, దండ వేసి, దిష్టి తీయడానికి కాయ దొరక్క నాలుగు అంగళ్ళు తిరిగి, చివరికి సుభద్రమ్మ అంగడి ముందు ఆటో ఆపాడు. ఆమె దగ్గరా లేదు. అప్పుడే రేఖ చిలకను రెండు చేతులతో పట్టుకుని వచ్చి, ఆటోకు అని ఇచ్చింది. ఆయన తిప్పి చూశాడు. కుంకుమ బొట్టు చూశాడు. దేనితో చేసిందని అడిగాడు. మైదాపిండి, ఉప్పు అని చెప్పింది రేఖ.

"ఉప్పా?" అన్నాడు చంద్రశేఖర్. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఉప్పుతో, పిండితో చేసిన బొమ్మ, పైన కుంకుమ, ఆయుధ పూజ పొద్దు, బండి కోసం. ఈ నేలమీద పుట్టిన ఎవరికైనా దానికి ఒకటే అర్థం. ఆయన దారం విప్పి కూతురి చేతిలో పెట్టాడు. చిలకను కళ్ళకు అద్దుకున్నాడు. కర్పూరం వెలిగించి, చిలకను ఆటో చుట్టూ మూడుసార్లు తిప్పాడు, మనసులో ఏదో మొక్కుకుంటూ, ఎంతో భక్తిగా. తరువాత ముందు చక్రం దగ్గర నిలబడి, రెండు చేతులూ ఎత్తి, దాన్ని రోడ్డుకేసి కొట్టాడు.

బాగా ఎండిన చిలక కదా, ఠప్పుమని పగిలింది.

పొంగలి గిన్నెతో బయటికి వచ్చిన స్వర్ణ ఆ చప్పుడు విని గడప మీదే ఆగిపోయింది. రేఖ దారం పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. రోడ్డు మీద ఆకుపచ్చ పెంకుల వైపు, తర్వాత వాళ్ళ నాయన వైపు చూసింది. చంద్రశేఖర్ స్వర్ణను చూసి చేతులు జోడించాడు.

"నా బిడ్డ చేతులతోనే దిష్టి తీసేది చేయించినావు తల్లీ. ఇంక గుమ్మడికాయ యాల? ఏ నరదిష్టి ఈ ఆటో పక్కకు రాదు ఇంక" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

స్వర్ణ నోరు తెరిచింది. అయ్యో, అది పగలగొట్టేది కాదు అనాలి. కానీ పండగపూట, పూజ జరిగిన క్షణాన, కర్పూరం ఇంకా వెలుగుతుండగా, జరిగింది తప్పు అని ఎలా అంటుంది? అంటే అపశకునం. రేపు ఆ ఆటోకు చిన్న గీత పడినా ఆ మాటే గుర్తుకొస్తుంది. పొంగలి గిన్నె చేతిలో కాలుతున్నా అలాగే నిలబడింది. పక్కనుంచి అత్త గొంతు గర్వంగా వినబడింది, మా కోడలే చేయించింది, పది దినాలు కష్టపడింది అని వచ్చిన వాళ్ళకు చెబుతోంది.

ఆ తర్వాత ఆపడానికి ఎవరి తరం? పాల వ్యాను వాళ్ళు గౌతమ్ చేతిలోని ఆవును తీసుకుని తిప్పి కొట్టారు. మెకానిక్ అంగడి ముందు చేప, తాబేలు పోయాయి. హేమంత్ తన ఏనుగును తాత చేతికి కూడా ఇవ్వకుండా, ట్రాక్టర్ ముందు తానే కొట్టి గంతులు వేశాడు. వసంతమ్మ కుట్టుమిషనుకు తిప్పి, పువ్వును వాకిట్లో పగలగొట్టింది. అరగంటలో ఆరూ అయిపోయాయి. వీధిలో నలుగురూ కాదు, నలభై మంది మెచ్చుకున్నారు. స్వర్ణకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఎవరి తప్పూ లేకపోవడమే పుండు మీద కారంలా ఉంది. తనను తాను తిట్టుకుంది, అదీ లోపల్లోపలే.

పండగ మరునాటికి సంగతి పుంగనూరు దాటిపోయింది. మదనపల్లెలో టమోటా లారీలు తిప్పే ఒకాయన అంగడికి వచ్చి అడిగిపోయాడు. కుప్పంలో లారీలున్న అరుణ్ కుమార్ మేనమామ వెంకటేశులు ఫోను చేసి, దీపావళి అమావాస్యకు ఇరవై కావాలన్నాడు. సుభద్రమ్మ ఫోను పెట్టేసి కోడలిని పిలిచింది.

"గది నీదే పో. అన్నమాట అన్నమాటే. మామకు సరేనని చెప్పినా. అయితే ఆ రెక్కలు, ఈకలు అంతా యాల? పగిలిపోయేదే గదా. గుండ్రంగా ముద్ద చేసి, ఎండబెట్టి, బొట్టు పెడితే సాలు. ఒక పూటలో యాభై అవుతాయి."

ఇక్కడ స్వర్ణ చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆమె సరే అంది. గది చేతికి వచ్చింది కదా, సాయంత్రాలు ముద్దలు చేసి అత్తను సంతోషపెట్టి, ఉదయాలు పిల్లలకు నేర్పుకోవచ్చని లెక్క వేసుకుంది. మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి, కాదని ఎలా అంటుంది? సెలవులు ఇంకా రెండు రోజులున్నాయి, రమ్మని పిల్లలకు కబురు పెట్టింది.

మరునాడు ఉదయం పదింటికి మొదట వచ్చింది రేఖ. అదే సమయానికి అంగడి ముందు బొరుగుల బండి వచ్చి ఆగింది. మూటలు ఎక్కడ దించాలని మోసేవాళ్ళు అడిగితే, కాసేపు ఉండమంది సుభద్రమ్మ. పైన స్వర్ణ ఉత్సాహంగా పిండి కలిపి పెట్టింది, ఈసారి ఉప్పును రెండుసార్లు మిక్సీ పట్టి, జల్లించి మరీ. నీకు ఇష్టమైంది చెయ్యి అంది రేఖతో.

రేఖ కొంత పిండి తీసుకుని, అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, నాపరాయి మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"అయిపోయింది మిస్."

స్వర్ణ ఆ ముద్ద చూసింది. ఇదేంటి అని అడిగింది.

"దిష్టిది. మా నాయనకు."

దీనికి రెక్కలు లేవేం, ముక్కు లేదేం, నీ దువ్వెన ఏది అని స్వర్ణ నవ్వుతూనే అడిగింది. రేఖ ఆమెను అర్థం కానట్టు చూసింది.

"రెక్కలు యాల మిస్? కొట్టేదానికే గదా" అంది.

అందులో కోపం లేదు, అలక లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టినంత మామూలుగా అంది. స్వర్ణకు ఆ పది రోజుల్లోని వాన, బేకరీ, ఈశ్వరమ్మ తగాదా, నేలమీద ఏరిన ఉప్పు, వీటన్నిటిలో ఏదీ ఇంత నొప్పి పెట్టలేదు. నాలుగు చిలకలు చేసినా విసగని పిల్ల. ఆ పిల్లకు పది రోజుల్లో తాను నేర్పింది ఇది. ఇక రేపటి నుంచి ఈ గదిలో నేర్పబోయేదీ ఇదే.

ఆమె చేతులు కూడా కడుక్కోకుండా మెట్లు దిగింది. అంగడిలో అత్త ఒక్కతే ఉంది.

"అత్తా, అవి దిష్టి బొమ్మలు కావు. బండికి తగిలించుకొని చూసుకునేదానికి చేయించినా. ఆ పొద్దు నోరు రాక ఊరికే ఉండిపోయినా. ఇంక దిష్టికని ఒక్కటి కూడా చేయను. పిల్లోళ్ళు చేసింది ఎవురినీ పగలగొట్టనియ్యను."

మెట్ల దగ్గర గౌను అంచు కదిలింది. నీళ్ళకని దిగివచ్చిన రేఖ ఆ మాట విని, నీళ్ళు అడగకుండానే మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. సుభద్రమ్మ అది గమనించలేదు. త్రాసు పళ్ళెం తుడిచింది.

"ఆ పొద్దే ఒక మాట అనుంటే, ఆ పిల్లది నిలిచుండేది గదా" అంది. కోపంగా కాదు.

"అపశకునం అంటారని."

"అంటాం. నేనే అందును." త్రాసు పక్కన పెట్టింది. "నువ్వు చెప్పేది నాకు అర్థమైతాండాది స్వర్ణా. అయితే నేను మామకు మాటిచ్చినా, ఇప్పుడు లేదని చెప్పల్ల. ఊర్లో నలుగురూ మెచ్చుకున్నేది ఏది? పగలగొట్టేది. దాన్ని నువ్వు వద్దంటాండావు. ఇంక గది దేనికని ఇచ్చేది? సూడు, బండి వాకిట్లో నిలిచుండాది."

ఇందాక ఒక్క మాట మింగి ఉంటే గది ఉండేది. ఆ సంగతి తెలిసే స్వర్ణ మెట్లు దిగింది. తెలిసినా లోపల రగులుతూనే ఉంది. ఇంత పెద్ద ఇంట్లో, ఇంత పెద్ద అంగడిలో, ఆరుగురు పిల్లలు కూర్చునే చోటుకు ఒక లాభం చూపించాలా? చూపించలేకపోతే బొరుగులైనా మేలా? అత్త వాకిట్లోకి చూసి, మూటలు మిద్దె మీదికి ఎక్కించమని కేక వేసింది.

గది ఖాళీ చేయాలి. స్వర్ణ మెట్లెక్కుతుంటే వెనకాలే మొదటి మూట ఎక్కుతోంది. మోసేవాడు, జరుగు తల్లీ, మెట్లు ఇరుగ్గా ఉండాయి అంటున్నాడు.

పైన రేఖ నేలమీద బోర్లా పడుకుని ఉంది, ముఖం నాపరాయికి ఆనేంత దగ్గరగా. ముద్ద ముద్దలా లేదు. సాగి, మెడ వచ్చి, ఒక పక్క రెక్క విచ్చుకుని ఉంది. జేబులోంచి దువ్వెన ముక్క ఎప్పుడు తీసిందో, ఆ రెక్క నిండా ఈకలు, వరుస తప్పకుండా. రెండో వైపు ఇంకా మొద్దుగానే ఉంది.

స్వర్ణ అడుగుల చప్పుడుకు పిల్ల తలెత్తింది.

"ఒక రెక్క అయింది మిస్. ఇంగో రెక్క రేపొచ్చి చేస్తా. అప్పుటిదాకా ఎండిపోకుండా తడిగుడ్డ కప్పి ఈడనే పెట్టండి."

వెనక గడప దగ్గర మూట దిగిన చప్పుడైంది. స్వర్ణ వెనక్కి తిరగలేదు.

"సరే, పెడతా" అంది.